కిటికీ ఉన్న చిప్పు

అత్తగారు దాన్ని పాత దుప్పట్లో చుట్టి, రెండు చేతుల మీదా పట్టుకుని కొట్టులోకి వచ్చింది. వస్తూనే వీధి వైపు ఓసారి తొంగి చూసి, "మీ మామయ్య వాకింగు నుంచి వచ్చేలోగా మూత విప్పెయ్యి బాబూ. విప్పేశాక ఇంకేమంటారు?" అంది.

విప్పేశాక అనేదేదో తననే అంటారని అల్లుడికి తెలుసు. కొట్టు మామగారింటి ముందుగదిలో, కాపురం దాని వెనక గదిలో. మైకుసెట్లు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తాడు కాబట్టి వీధిలో అందరూ అతన్ని సౌండు అంటారు. కొట్లో అంత మోత మోగించేవాడు ఇంట్లోకి రాగానే పిల్లిలా నడుస్తాడని అత్తగారి తమ్ముడు వేళాకోళం చేస్తుంటాడు. ఆయన్ని ఇంటిల్లిపాదీ చినమామ అంటారు.

దుప్పట్లో ఉన్నది మామగారి కంప్యూటరు. ఇప్పటివాటిలా కాదు, కీబోర్డూ కంప్యూటరూ ఒకటే డబ్బా. టీవీకి తగిలిస్తే టీవీయే దాని తెర. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే రోజుల్లో కొన్నాడాయన. ఇంగ్లీషు తప్ప ఇంకేమీ రాని ఆ యంత్రంలో సొంతంగా ఏవో భాగాలు అమర్చి, టీవీ మీద తెలుగు అక్షరాలు రాయించాడని ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టాలకు తెలుసు. చినమామ నోటి పుణ్యమా అని ఊరికీ తెలిసింది. ఇప్పుడు ఇంజినీరింగు కాలేజీవాళ్లు ఆదివారం పాత యంత్రాల ప్రదర్శన పెట్టుకుని, ఆ అక్షరాలు అందరి ముందూ చూపించమని మామగారిని పిలిచారు. ఆహ్వానపత్రికల మీద ఆ మాట అచ్చు కూడా వేశారు.

మామగారు మాత్రం పైపైన చూపిస్తే చాలన్నాడు. పాత సామాను, కరెంటు పెడితే కాలి ఊరుకుంటుంది, ఎవరూ మూత జోలికి పోవద్దన్నాడు. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ అదే మాట.

"పాడైపోయిందేమోనని నాన్నకి భయం. మీరు బాగుచేసి పెట్టండి. ఆదివారం నలుగురిలో ఆయన ముఖం చూడాలి నేను" అంది భార్య.

ఆ ముఖం చూడాలని అతనికీ ఉంది. ఇన్నేళ్ల కాపురంలో మామగారు అతని పనిని బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. కొట్టు ముందు నుంచి పోతూ బల్ల మీది ఆంప్లిఫయర్ల వైపు చూసి, వీటికి చెవులుంటే చాలులే బుర్రతో పనేముంది అన్నట్టు ఓ నవ్వు నవ్వి వెళ్లిపోతాడు. ఆ నవ్వు అల్లుడికి అరికాల్లో ముల్లు. ఇదిగో, బుర్ర పెట్టాల్సిన పని కాళ్ల దగ్గరికే వచ్చింది. స్క్రూడ్రైవరు తీసి మూత విప్పాడు.

లోపల సగం పరిచయస్తులే. మూలనున్న తగరపు డబ్బా టీవీకి బొమ్మ పంపేదని దాని నుంచి వచ్చే తీగను బట్టి పోల్చుకున్నాడు. అల్యూమినియం రెక్కకు బిగించిన మూడు కాళ్ల ముక్క కరెంటును అదుపులో పెట్టేది; అలాంటివి అతని డ్రాయరులో గుప్పెడున్నాయి. జెర్రుల్లా రెండు పక్కలా కాళ్లున్న నల్ల చిప్పుల దగ్గరే తెల్లమొహం వెయ్యాల్సి వచ్చింది. నంబర్లు చదివి, ఫోనులో వెతికి, కాగితం ముక్కలు కత్తిరించి ఒక్కోదాని పక్కన అంటించుకుంటూ పోయాడు. ఇది బుర్ర, ఇది జ్ఞాపకం, ఇది ఇంగ్లీషు అక్షరాల రూపాలు దాచుకున్నది, ఇది ఏ మీట నొక్కారో కనిపెట్టేది. మధ్యాహ్నం భోజనానికి పిలిచేసరికి ఒక్కటి తప్ప అన్నిటికీ పేర్లు పడ్డాయి.

ఆ ఒక్కటీ కంపెనీ చేసింది కాదు. అరచేతిలో పట్టేంత పలక, పెద్ద బోర్డు మీద పొట్టి కాళ్లు నిలబెట్టి బిగించి ఉంది. దాని మీద ఒక పెద్ద చిప్పు, రెండు చిన్నవి, ఒక ఎర్ర దీపం. పలక కింది నుంచి తీగల కట్ట బయల్దేరి, వంపు తిరిగి, పెద్ద బోర్డు అడుక్కి పోయింది. ఆ కట్టను చూసి అల్లుడు స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. మైనం పూసిన దారంతో తీగలన్నిటినీ కలిపి, వేలెడంత దూరానికో ముడి వేసుకుంటూ కట్టాడు మామగారు. ఒక్క తీగా ఇంకో తీగను దాటలేదు. ఎక్స్ఛేంజీల్లో అలా కట్టేవారని వినడమే గాని చూడటం ఇదే. తన పనిలో తీగలు ఎటు పడితే అటు పోతాయి, సౌండు వస్తే చాలు. అమ్మ మామయ్యా, అనుకున్నాడు. ఆ నవ్వు మీద కోపం కూడా కాస్త తగ్గింది.

పెద్ద చిప్పు మీద వెండిరంగు కాగితం ముక్క అంటించి ఉంది. నంబరు దాని కింద ఉంటుందని గోటితో లేపి పీకాడు. నంబరు లేదు. గుండ్రటి చిన్న గాజు కిటికీ ఉంది. లోపల బంగారు రంగులో ఏదో తళుక్కుమంది. చిప్పుకి కిటికీ ఏమిటో అతనికి అర్థం కాలేదు. భార్యను పిలిచి చూపిస్తే ఎంత ముచ్చటగా ఉందో అంది. ఫోనులో ఏమని వెతకాలో తెలియక, కాగితం మీద 'కిటికీది' అని రాసి పక్కన అంటించాడు.

మైకుసెట్లవాళ్లకి ఒక అలవాటు. పందిళ్ల నుంచి వచ్చే ఆంప్లిఫయర్లలో దుమ్మూ జిడ్డూ మందంగా పేరుకుని ఉంటాయి. బోర్డు ఊడదీసి, స్పిరిటు పోసి, బ్రష్షుతో రుద్ది, ఎండలో పడేస్తారు. ఎండలో ఎంతసేపుంటే అంత మంచిదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఎప్పుడూ వమ్ము కాలేదు. అల్లుడు అదే చేశాడు. పచ్చబడిన డబ్బాకు తెల్లబరిచే మందు పూసి, పాలిథీను చుట్టి డాబా మీద పెట్టాడు. ఆ పక్కనే పీట మీద బోర్డు ఆరబెట్టాడు. ఎండలు మండిపోతున్నాయి. డబ్బా రోజురోజుకీ తేటపడుతుంటే, సాయంత్రం దించి పొద్దున్నే మళ్లీ ఎక్కించడం అతనికి సరదా అయిపోయింది.

అది మామగారి కంట పడనే పడింది. తువ్వాలు ఆరేసుకోవడానికి డాబా ఎక్కి, పీట దగ్గర ఆగిపోయాడు. అల్లుడు తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆయన వంగి బోర్డు చూడలేదు, చేత్తో ముట్టుకోలేదు. "విప్పావన్నమాట" అని, తువ్వాలు ఆరెయ్యకుండానే దిగి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడని, ఆరోగ్యం బాగోలేదేమోనని అత్తగారు కంగారు పడింది.

శుక్రవారం అల్లుడు బోర్డు బిగించి టీవీకి తగిలించాడు. తెర వెలిగింది. ఇంగ్లీషులో పలకరింపు వచ్చింది, దాని కింద చిన్న చతురస్రం మినుకుమినుకుమంది. చేతి పలక మీది ఎర్ర దీపం కూడా వెలిగింది. ఇంటిల్లిపాదినీ పిలిచేంత ఉత్సాహం వచ్చింది గానీ, ఏ మీట నొక్కినా తెలుగు మాత్రం పడలేదు. నొక్కి నొక్కి వేళ్లు నొప్పి పుట్టాయి. చివరికి ఆ కిటికీ చిప్పును ఫోనులో ఫొటో తీసుకుని, విడిభాగాలు అమ్మే షాపుకి పరిగెత్తాడు.

షాపు ముసలాయన ఫొటో చూడగానే నవ్వాడు. ఎన్నాళ్లయింది వీటిని చూసి, అన్నాడు. తర్వాత ఫొటో పెద్దది చేసి చూసి, నవ్వు ఆపేశాడు.

"దీని మీద కాగితం ఏది?"

పీకేశానన్నాడు అల్లుడు. నంబరు కోసం.

ముసలాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కిటికీ చెరపడానికేనట. లోపల రాసింది చెరపాలంటే ప్రత్యేకమైన దీపం కింద పెడతారు. ఆ దీపం వెలుగు లాంటిదే ఎండలోనూ కాస్త ఉంటుంది. అందుకే రాసినవాడు కాగితం అంటిస్తాడు. పొరపాటున గంటో రెండు గంటలో తగిలితే ఏమీ కాదు గాని, ఎండలో పడేసి ఉంచితే ఇంతే సంగతులు.

అల్లుడు చేసింది అదే. ఎండలో పడేసే ఉంచాడు కదా. అదీ మురుస్తూ, రోజూ మోసుకెళ్లి మరీ. ముసలాయనే జాలిపడి ఒక దారి చెప్పాడు. తెలిసిన కుర్రాడొకడున్నాడు, అక్షరాలు కొత్తగా గీసి కొత్త చిప్పులోకి ఎక్కిస్తాడు. కాకపోతే అవి ఎలా ఉండేవో చెప్పాలి, చిప్పు ఏ కాలు బోర్డులో ఎక్కడికి కలుస్తుందో చూసి రావాలి.

ఇంటికొచ్చి ఒక్క చోట కూర్చోలేకపోయాడు. కొట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి తిరిగాడు. కస్టమరు స్పీకరు గురించి అడిగితే ఏదో చెప్పి పంపేశాడు. మామగారిని అడిగే ధైర్యం లేదు. భార్యను పట్టుకుని, ఆ అక్షరాలు ఎలా ఉండేవో గుర్తుందా అన్నాడు. తను చిన్నపిల్లనని, చూడలేదని, అమ్మ చూసిందని చెప్పింది. అత్తగారు, ఆ వేళ వంటింట్లో ఉన్నానని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని, తమ్ముడు చూశాడని చెప్పింది. చినమామకు ఫోను చేశాడు. ఆయన బ్రహ్మాండంగా ఉండేవన్నాడు, ముత్యాలేననుకో అన్నాడు. మీరు చూశారు కదా అని నిలదీస్తే మాత్రం కాస్త తగ్గి, "నేను వెళ్లేసరికి అప్పుడే ఆపేశాడయ్యా మీ మామయ్య. అక్కయ్య చూసింది" అన్నాడు.

శనివారం మీటరు తీసుకుని తీగల వెంట పడ్డాడు. ఒక ముల్లు చిప్పు కాలికి ఆనించి, ఇంకో ముల్లు బోర్డు మీద ఒక్కో చోటా ముట్టిస్తే, రెండూ కలిసిన చోట మీటరు కుయ్యిమనాలి. కరెంటు కాళ్ల దగ్గర కుయ్యిమంది. ఎర్ర దీపం దగ్గర కుయ్యిమంది. అక్షరాలు బయటికి రావలసిన ఎనిమిది కాళ్ల దగ్గర మాత్రం చప్పుడు లేదు. మీటరులో బ్యాటరీ మార్చాడు. ముళ్లు గీకి చూశాడు. చివరికి బోర్డు తిరగేసి, తీగల కట్ట ఎటు పోయిందో వేలితో తడుముకుంటూ వెళ్లాడు. అది బోర్డు అడుగున ఒక మూలకు చేరి, గుడ్డ టేపు చుట్టలోకి దూరింది. టేపు ఎండిపోయి ఉంది, లాగితే పొడిపొడిగా రాలిపోయింది. లోపల ఎనిమిది తీగల చివర్లున్నాయి. అన్నీ ఒకే పొడవున కత్తిరించి, దేనికది వెనక్కి మడిచి, దారంతో కట్టేసి ఉన్నాయి. ఏ తీగా ఎక్కడికీ పోలేదు.

విరిగిపోయాయేమోనని ఇంకోసారి చూశాడు. కాదు, కటింగు ప్లయరుతో నున్నగా కోసినవి. టేపు కింద పాత సోల్డరు మచ్చలున్నాయి, ఎప్పుడో ఒకప్పుడు కలిపి ఊడదీసినట్టు. కలిపి ఉన్నప్పుడు పనిచేసి ఉంటే ఎవరైనా ఊడదీస్తారా? ఊడదీసి, పైకి దీపం వెలిగేలా ఉంచి, మూత బిగిస్తారా?

మొదట ఒళ్లంతా తేలికైంది. బతికానురా దేవుడా అనుకున్నాడు. తను చెరిపినందువల్ల ఆగిపోయిందేమీ లేదు. తీగలు చూపిస్తే చాలు, ఇంట్లో ఇక ఎవరూ తనను వేలెత్తి చూపరు. ఆ వేలు మామగారి వైపు తిరుగుతుందన్న సంగతి కాస్త ఆగి తట్టింది. కొత్త టేపు తీసి, చివర్లకి ఎలా ఉన్నవి అలాగే చుట్టేశాడు.

సాయంత్రం చినమామ రెండు రోజులుండేలా సంచితో వచ్చి వసారాలో కూర్చుని, రేపు కాలేజీలో ఎంతమంది వస్తారో, పేపరువాళ్లెవరెవరో ఏకరువు పెట్టాడు. లోపల మామగారు రేపటి చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఒకసారి చేసిన చొక్కా చేతినే మళ్లీ చేస్తున్నాడు. కాసేపటికి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఒంట్లో నలతగా ఉంది, రేపు నేను రాలేనేమో, మీరు పట్టుకెళ్లండి అన్నాడు. అత్తగారూ కూతురూ చెరోవైపు చేరి, మీరు లేకపోతే ఎలా, మీదే కదా పండగంతా అని బతిమాలారు. గుమ్మంలో నిలబడి అల్లుడు ఆయన చేతులు చూశాడు. యంత్రం పాడైందన్న భయం కాదది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే కొట్లోకి వెళ్లిపోయాడు.

ఆదివారం కాలేజీ హాలు నిండా జనం. టీవీ పక్కన కంప్యూటరు పెట్టారు, పాలలా తెల్లబడిన డబ్బాను చూసి కొత్తదనుకున్నారు కొందరు. లెక్చరరమ్మ మూత ఎత్తి, లోపల ఏది ఏమిటో చెప్పమని మామగారిని అడిగింది. ఆయన ఒక్కోటీ చూపిస్తూ చక్కగా చెప్పాడు. అల్లుడికి సగం రోజు పట్టిన పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. చేతి పలక దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"తెలుగు అక్షరాలు రాయించింది ఇదేనాండీ?" అంది లెక్చరరమ్మ. ఆయన తలూపాడు. "ఒక్కసారి చూపిస్తారా?"

చూపిస్తారమ్మా, ఎందుకు చూపించరూ అని చినమామ వెనక నుంచి కేకేశాడు. మామగారు మీటల మీద చేతులు పెట్టాడు, నొక్కలేదు. ముఖం పాలిపోయింది. కూతురు ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. ఇంకో క్షణం ఆగితే ఆయన అక్కడే కూలిపోతాడనిపించింది అల్లుడికి.

"అది ఇప్పుడు రాదండీ" అన్నాడు ముందుకొచ్చి. "పొరపాటు నాది. ఆ చిప్పు మీది కాగితం నేను పీకేశాను. పీకి రోజుల తరబడి ఎండలో పెట్టాను. ఎండ తగిలితే లోపల రాసింది చెరిగిపోతుందని నాకు తెలియదు."

మాటమాటా పొద్దున్నే పేర్చుకున్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

హాలంతా అయ్యో అంది. మామగారు మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆయన కళ్లలో ఒక చల్లటి చూపు కనిపిస్తుందనుకున్నాడు అల్లుడు. అంతకన్నా ఏమీ కోరలేదు.

"నేనేమన్నాను? మూత జోలికి పోవద్దన్నానా లేదా?" అన్నాడు మామగారు. గొంతు ఎక్కడి నుంచో వచ్చింది, హాలు చివరిదాకా వినిపించింది. "మోత తప్ప ఇంకేమీ తెలియనివాడివి, నీకెందుకయ్యా ఇది? నా చేతులతో చేసుకున్నది. అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు." ఆ తర్వాత కూడా చాలాసేపు అన్నాడు. లెక్చరరమ్మే సర్దిచెప్పి, 'అక్షరాలు ప్రమాదవశాత్తూ చెరిగిపోయాయి' అని అట్ట మీద రాయించి కంప్యూటరు పక్కన నిలబెట్టింది. కుర్రాళ్లు దానికీ, తల దించుకున్న అల్లుడికీ కలిపి ఫొటోలు తీసుకున్నారు.

పోయి పోయి ఈ మనిషి పరువు కాపాడానా అనుకున్నాడు అల్లుడు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక అత్తగారు కంచం పెట్టింది గాని కూర్చుని మాట్లాడలేదు. భార్య అసలు ముఖమే చూపించలేదు. చినమామ ఊరికే ఉంటాడా, పెరట్లో దండెం మీద బట్టలు చూసి, వీటినీ చెరిపేస్తాడేమో తీసెయ్యి అక్కయ్యా అన్నాడు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తాడో లేదో మామగారు వచ్చి కస్టమర్ల స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన కొట్టు గుమ్మం దాటి లోపలికి వచ్చింది లేదు. అల్లుడు తలెత్తకుండా ఆంప్లిఫయరు మరలు విప్పుతూ కూర్చున్నాడు.

"టేపు కొత్తది" అన్నాడు మామగారు.

అల్లుడి చెయ్యి ఆగింది.

"నేను చుట్టింది గుడ్డ టేపు. నిన్న మూత ఎత్తి చూపిస్తున్నప్పుడు బోర్డు అంచున నల్లగా కనిపించింది. నీకు తెలిసిపోయిందనుకున్నాను."

"తెలిసిందని తెలిసే నన్ను అన్ని మాటలన్నారా మామయ్యా?" అల్లుడు కోపం దాచుకోలేదు. "పెళ్లాం ముందు, పరాయివాళ్ల ముందు. నాకెంత కష్టమేసిందో మీకేం తెలుసు?"

మామగారు ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. తీగలు కలిపితే యంత్రం అసలు లేచేదే కాదట. కోసేస్తే లేచేది. నెలల తరబడి కలపడం, కొయ్యడం. ఒక సాయంత్రం బావమరిది వస్తున్నాడని, యంత్రమైనా లేస్తుందని కోసేసి టేపు చుట్టాడు. వస్తూనే వాడు, ఏం బావా, నీ డబ్బాకి ఇంకా అక్షరాభ్యాసం కాలేదా అని నవ్వాడు. ఇందాకే పడ్డాయి, నువ్వు ఆలస్యంగా వచ్చావు అన్నాడీయన. ఒక్క మాట. రేపో ఎల్లుండో నిజం చేసేద్దామనుకున్నాడు. తెల్లారేసరికి చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత మూత విప్పాలంటేనే చేతులు రాలేదు.

"మరి చిప్పులో అక్షరాలు?" అన్నాడు అల్లుడు.

"రాయించాను. సరిగ్గా పడ్డాయో లేదో చూసే యోగం లేకపోయింది."

"అయితే నేను నిజంగానే చెరిపేశానేమో."

"ఏమో మరి" అన్నాడు మామగారు, అతన్ని ఎప్పుడూ మండించే ఆ నవ్వు నవ్వబోయి, నవ్వలేక. "నిన్న నిన్ను తిడుతున్నంతసేపూ నాకెంత హాయిగా ఉందో తెలుసా? అవి నిజంగా వెలిగి, నిజంగా నువ్వే ఆర్పేసినట్టు. ఇన్నేళ్లలో నేను కూడా నమ్మగలిగింది ఆ కాసేపే. ఇంటికొచ్చి పడుకున్నాక సిగ్గేసింది."

అల్లుడికి తన కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కున్నా దొరకలేదు. ఆయన స్టూలు మీద నుంచి లేచి, లోపలి గుమ్మం వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. మీ అమ్మను కూడా పిలువు" అన్నాడు. "చినమామ లేచాడా? లేపి తీసుకురా."

"వద్దు మామయ్యా" అన్నాడు అల్లుడు గబుక్కున లేచి. "అయిపోయింది కదా. నన్ను నాలుగు రోజులు తిట్టుకుని వాళ్లే మర్చిపోతారు."

"నువ్వు ఊరుకో."

లోపల చెప్పుల చప్పుడయింది. ఏమిటట పొద్దున్నే అని అత్తగారు విసుక్కుంటోంది. మామగారు చొక్కా పై గుండీ పెట్టుకుని, వాళ్లు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.